గంగమ్మ ఎప్పుడు కంగమ్మ అయింది?

గంగమ్మత్త చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. చీరల అంగట్లో ఇచ్చే కవరు. దాంట్లో ఆధార్ కార్డు, రేషన్ స్మార్ట్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, మిల్లు వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన గుర్తింపు కార్డు, నాలుగైదు జెరాక్సులు, వాటి మధ్యలో నాలుగు మడతలు పెట్టిన ఒక తెల్లకాగితం. ఆ కాగితం మీద ఇంగ్లీషులో ఒకే ఒక వాక్యం. ఆమె పెట్టుకున్న పీఎఫ్ క్లెయిము తిరగ్గొట్టినారని, పేరు కలవలేదని. ఆ వాక్యానికి అర్థం తెలుసుకునేదానికి హోసూరులో మూడు బ్రౌజింగ్ షాపులు తిరిగింది. మొదటి షాపులో యాభై, రెండో దాంట్లో నూరు, మూడో దాంట్లో మూడు నూర్లు. మూడో షాపు అబ్బాయి ఏమీ చెప్పకుండానే ఇంకోసారి అప్లై చేసి పంపించినాడు. అదీ తిరిగొచ్చె.

గంగమ్మ ఆమె అసలు పేరు కాదు. ఆమె అడక్కపోయినా నేనే మార్చినాను. కానీ కథకు కావలసిన అక్షరం మాత్రం మార్చలేదు. అది గ.

"పందొమ్మిదేండ్లు నూలు మిల్లులో పని చేసినా నాయనా. నేనెవరో మేస్త్రీకి తెలుసు, గేటు కాడ వాచ్‌మన్‌కు తెలుసు, క్యాంటీన్లో పిల్లికి గూడా తెలుసు. ఆ కంప్యూటరుకు మాత్రం తెలీదంట," అన్నది నవ్వుతానే.

ఆమె మిల్లులో చేరింది 1997లో. 2016లో మిల్లు మూతబడింది. ఇప్పుడు ఆమెకు 61 ఏండ్లు. పదేండ్ల సర్వీసు దాటినవాళ్ళకు 58 ఏండ్లు నిండితే పీఎఫ్ పింఛను రావాల. కనీసం నెలకు 1000 రూపాయలు ఇయ్యాలని 2014 సెప్టెంబరు నుంచి లెక్క. ఈ కాలంలో వెయ్యి రూపాయలు ఏ మూలకొస్తుంది అంటారేమో. బీపీ మాత్రలకు, గ్యాసు సిలిండరులో సగానికి వస్తుంది. కొడుకును అడగకుండా మనవరాలికి ఒక గౌను కొనిపెట్టేదానికి వస్తుంది. మూడేండ్లుగా ఆ వెయ్యీ లేదు, పందొమ్మిదేండ్లు జీతంలో పట్టి దాచిన మొత్తమూ చేతికి రాలేదు. అడ్డం పడింది దొంగలూ కాదు, చట్టమూ కాదు. ఇంగ్లీషులో ఒక అక్షరం. మిల్లు రికార్డులో ఆమె పేరు 'జీ' అక్షరంతో మొదలవుతుంది, ఆధార్‌లో 'కే' అక్షరంతో.

ఎట్ల జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ కూ అంతే. త, ద ల కూ అంతే. తమిళం తెలిసినవాళ్ళు మాటను బట్టి పలుకుతారు. గంగ అన్నా కంగ అన్నా రాత ఒకటే, చదివేవాడికి ఏ ఇబ్బందీ లేదు. ఆ లిపి ఆ భాషకు చక్కగా సరిపోయింది, దాంట్లో తప్పు వెతికేది ఏమీ లేదు. తకరారు ఎక్కడంటే, మన పేరు తెలుగు నోట్లోంచి తమిళ లిపిలోకి పోయి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి దిగేటప్పుడు. ఆధార్ నమోదు రోజు గంగమ్మత్త తన పాత రేషన్ కార్డు చూపించింది. దాంట్లో పేరు తమిళంలో ఉంది. నమోదు చేసే అబ్బాయి చూసినట్టే చూసి 'కే' తో కొట్టినాడు. స్క్రీను ఆమె వైపు తిప్పి, "సరిగా ఉందా పాటీ?" అని అడిగినాడంట కూడా. ఆమె తల ఊపింది. ఆమెకు వచ్చింది తెలుగు చదువు ఒకటే, అదీ ఐదో తరగతి వరకు.

ఇట్ల మన వీధుల్లో భాగ్యమ్మలు పాకియమ్మలైనారు, దాసప్పలు తాసప్పలైనారు, బాలయ్యలు పాలయ్యలైనారు. గ, బ, ద, డ, భ లేని పేరు మనలో వెతకాలంటే కష్టమే. పిలిచేటప్పుడు ఎవరికీ పట్టింపు లేదు. కాగితం కాలంలో కూడా పెద్దగా పట్టింపు లేకపోయె. గుమాస్తా తలెత్తి మనిషి మొహం చూసి, "ఇద్దరూ ఒకటేలే" అని సంతకం పెట్టేవాడు. ఇప్పుడు ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరును అడుగుతుంది: ఈ పేరూ ఆ పేరూ ఒకటేనా? అక్షరం తేడా ఎక్కువైతే ఆ కంప్యూటరు కాదు అంటుంది. దానికి మొహం చూసే అలవాటు లేదు.

దీని మీద ఇంకో ముడి ఇంటిపేరు. తమిళనాడులో పేరు ముందర తండ్రి పేరు మొదటి అక్షరం, పెండ్లయినాక చాలామందికి మొగుడి పేరు మొదటి అక్షరం. కుప్పం, పలమనేరు వైపు నుంచి కోడలుగా వచ్చిన పిల్లకు ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ఉంటుంది. పుట్టింట్లో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్టులో ఇంకొకటి, అత్తింటి రేషన్ కార్డులో మూడోది. మనిషి ఒకతే, పేర్లు మూడు.

డిజిటల్ అంతరం అని పేపర్లలో రాస్తా ఉంటారు. దాని అర్థం ఫోను లేకపోవడం అనుకుంటారు చాలామంది. గంగమ్మత్త ఇంట్లో రెండు స్మార్ట్ ఫోన్లు ఉన్నాయి. ఆమె మనవరాలు పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి పోతుంది. మన కృష్ణగిరి జిల్లాలోనే టాటా ఎలక్ట్రానిక్స్ ఐఫోన్ల భాగాలు తయారు చేస్తా ఉంది. మన పల్లెల ఆడపిల్లలు వేలమంది ఇట్లాంటి ఫ్యాక్టరీలలో ఉన్నారు. లోకంలో ఖరీదైన ఫోన్లు మన పిల్లల చేతుల మీదుగా పోతా ఉన్నాయి. ఆ పిల్లల అవ్వలు మాత్రం ఒక మెసేజి చదివించుకునేదానికి యాభై రూపాయలు ఇస్తా ఉన్నారు.

లెక్కలు కూడా చూద్దాం. 2017-18లో కేంద్ర ప్రభుత్వం చేసిన జాతీయ నమూనా సర్వేలో, దేశంలో నూటికి 24 ఇండ్లలోనే ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నట్టు తేలింది. పట్టణాల్లో 42, పల్లెల్లో 15. తర్వాత 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక సూటి ప్రశ్న అడిగింది: మీరు జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినారా? మగవాళ్ళలో నూటికి 57 మంది అవునన్నారు, ఆడవాళ్ళలో 33 మందే. తమిళనాడు ఆడవాళ్ళలో దాదాపు 47 మంది, తెలంగాణలో 26, ఆంధ్రలో 21. ఈ అంకెల తర్వాత ఫోన్లు పెరిగినాయి, నిజమే. కానీ ఫోను ఇంట్లో ఉండడం వేరు, ఆడమనిషి చేతిలో ఉండడం వేరు. మా వీధిలో ఎన్నో ఇండ్లలో మంచి ఫోను షిఫ్టుకు పోయేవాడి జేబులో ఉంటుంది. ఇంట్లో మిగిలేది బటన్ ఫోను, లేదంటే గాజు పగిలిన పాత ఫోను. దాంట్లో పాటలు వస్తాయి, ఆఫీసు పనులు రావు.

మెసేజి సంగతికొస్తే, 2023 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం కలైజ్ఞర్ మగళిర్ ఉరిమై తొగై మొదలుపెట్టింది. ఇంటి ఆడమనిషికి నెలకు 1000 రూపాయలు, మొదట్లోనే కోటికి పైగా ఆడవాళ్ళకు. ఎంత మంచి పథకమో చెప్పనక్కరలేదు. దరఖాస్తు తిరగ్గొట్టినవాళ్ళకు కారణం ఫోనుకు మెసేజిగా పంపినారు. 30 రోజుల లోపల ఇ-సేవై కేంద్రంలో అప్పీలు చేసుకోవచ్చు అన్నారు. మా వెనకింటి అక్క దరఖాస్తులో ఇచ్చింది మరిది నంబరు. ఆయన బెంగళూరులో సెంట్రింగు పని చేస్తాడు. మెసేజి ఆయన ఫోనులోనే పడింది. ఏదో కంపెనీ ప్రకటన అనుకొని ఆయన తెరవలేదు. దీపావళికి ఊరికొచ్చినప్పుడు బయటపడింది. అప్పటికి గడువు అయిపోయింది. మరిదిని ఏమనేది? రోజుకు పదిహేను పనికిమాలిన మెసేజిలు వచ్చే ఫోనులో పనికొచ్చేది ఒకటి ఉందని ఎవరికి తెలుస్తుంది!

ఇక్కడ మన హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇండ్లకు మాత్రమే ఉన్న ఒక చిక్కు చెప్పాల. పెద్దవాళ్ళకు, చదువుకున్నంత మేరకు, తెలుగు చదవను వస్తుంది. పిల్లలకు తమిళం, ఇంగ్లీషు వస్తాయి. తెలుగు మాట్లాడతారు కానీ అక్షరాలు కూడబలుక్కుంటారు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. దాని మీద కోర్టుల్లో ఏం జరిగిందో మన పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. నేను చెప్పేది ఇంట్లో జరిగిన మార్పు గురించి. అవ్వ కోసం ఫోనును తెలుగులో పెడితే, సాయం చేసే మనవడు ఎక్కడ ఏముందో తెలియక తికమక పడతాడు. మనవడి కోసం తమిళంలో పెడితే అవ్వకు ఆ ఫోను బొమ్మల పెట్టె. చివరికి ఇద్దరికీ సగం సగం అర్థమయ్యే ఇంగ్లీషులో పెట్టి వదిలేస్తారు. పక్కింటి తమిళ కుటుంబంలో ఈ మూడు లిపుల తంటా లేదు. అయినా ఇంగ్లీషు తెర ముందర వాళ్ళ పాటీ కూడా మన అవ్వ లాగానే నిలబడతా ఉంది, అది కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

కరోనా రోజులు గుర్తుందా? 2020 మార్చిలో బడులు మూసినారు. మధ్యలో కొద్ది రోజులు పెద్ద తరగతులు తెరిచినా, ఒకటి నుంచి ఎనిమిది వరకు పిల్లలు మళ్ళీ బడి గడప తొక్కింది 2021 నవంబరు 1న. తమిళనాడు ప్రభుత్వ కల్వి టీవీలో పాఠాలు వచ్చినాయి. తెలుగు మీడియం పిల్లలు ఆ పాఠాల ముందు కూర్చొని, లెక్కల్లో అంకెలను బట్టి ఏదో పట్టుకున్నారు, సైన్సులో బొమ్మలను బట్టి. సప్తగిరి చానెల్లో తెలుగు పాఠాలు వస్తా ఉండె, కానీ అవి ఆంధ్ర పుస్తకాల పాఠాలు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక ఫోను, ఆ ఫోను నాయనతో పాటు నైట్ షిఫ్టులో. అప్పుడు బడి మానేసి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, రోజా తోటలకు పోయిన పిల్లలు కొందరు తిరిగి బడికి రాలేదు. 2021 అక్టోబరులో మొదలైన ఇల్లం తేడి కల్వి వాలంటీర్లు వీధి వీధికీ వచ్చి సాయంత్రం పూట చదువు చెప్పినారు. అది చాలామందిని నిలబెట్టింది. ఫోను చెయ్యలేని పనిని వీధిలోని ఒక చదువుకున్న ఆడబిడ్డ చేసింది.

ఇక వేలిముద్ర. నూలు దారం లాగే వేలు, గ్రానైటు పాలిష్ పట్టే వేలు, సిమెంటు కలిపే వేలు నలభై ఏండ్లకే నున్నగా అయిపోతుంది. మిషను మీద పెడితే ఎర్ర లైటు. "చెయ్యి కడుక్కొని రా," "నూనె పూసుకొని రా," అంటారు. మా అమ్మ రేషన్ అంగటికి పొయ్యే ముందర కొబ్బరినూనె రాసుకొని, కొంగుతో తుడుచుకొని పోతుంది, ఏదో పెండ్లికి పోతున్నట్టు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద తీర్పు చెప్పినప్పుడే సుప్రీంకోర్టు, బయోమెట్రిక్ కుదరలేదన్న కారణంతో అర్హులకు సాయం ఆపకూడదని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడిలో కండ్లు, మొహం పోయినవాళ్ళు కోర్టుకు పోయినారు, కంటిరెప్ప ఆడించమని బ్యాంకు కేవైసీ అడిగితే మేమెట్ల ఆడించేది అని. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ చెప్పినారు. ఈ రెండు తీర్పులూ మనకు ముఖ్యమైనవి. కౌంటరు కాడ వాదన వస్తే ఇట్ల తీర్పు ఉందని చెప్పొచ్చు. కానీ నిజం చెప్పాలంటే, వెనకాల యాభై మంది లైన్లో ఉన్నప్పుడు తీర్పు గురించి మాట్లాడే ధైర్యం నాకే రాలేదు. అమ్మ వేలిని నాలుగోసారి పెట్టించి బియ్యం తెచ్చుకున్నాను.

రీచార్జి గురించి రెండు మాటలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్టు చౌక చేసింది, అలవాటు చేసింది. 2024 జూలైలో రేట్లు పెంచినారు. 28 రోజుల చిన్న ప్యాకు 155 ఉన్నది 189 అయింది, రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చేది 239 నుంచి 299కి పోయింది. ఇంట్లో నాలుగు సిమ్ములుంటే వెయ్యి దాటుతుంది. అప్పుడు ముందుగా ఆపేది ఎవరి సిమ్ము? అవ్వదే. తొంభై రోజులు వాడకపోతే కంపెనీ ఆ నంబరును ఆపేయొచ్చు, తర్వాత అది వేరే ఎవరికో పోవచ్చు. ఆధార్‌కు, బ్యాంకుకు కట్టిన నంబరు అదే అయితే ఓటీపీలన్నీ ఎవరో తెలియని మనిషి ఫోనులో మోగుతాయి. కాబట్టి సిమ్ము మార్చినా, ఆపినా, ముందు ఆధార్‌లో నంబరు మార్పించండి. ఆధార్ కేంద్రానికి పోయి చెయ్యొచ్చు. 2021 నుంచి పోస్ట్‌మ్యాన్ కూడా ఇంటికొచ్చి ఈ పని చేస్తాడు, మీ పోస్టాఫీసులో అడగండి. పింఛనుదారులకు బతికున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్టు కూడా పోస్ట్‌మ్యానే చేసిపెడతాడు. మంచం మీద ఉన్న తాతను ఆటోలో వేసుకొని తిరగనక్కరలేదు.

తెలియనితనం మీద బతికేవాళ్ళు కూడా ఉన్నారు. 2020 చివర్లో హైదరాబాదు వైపు లోన్ యాప్‌ల దెబ్బకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళ సంగతి పేపర్లలో చదివినాం. ఐదువేలు అప్పిచ్చి, ఫోనులోని నంబర్లన్నీ లాక్కొని, బంధువులకు ఫోటోలు పంపి పరువు తీసినారు. మన కాలనీల్లో కూడా జీతం పదో తేదీకే అయిపోయే ఇండ్లు ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోవద్దు, వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

నేర్పేవాళ్ళు లేరా అంటే, కేంద్రం 2017లో గ్రామీణ డిజిటల్ అక్షరాస్యత పథకం పెట్టి 2024 మార్చి వరకు నడిపింది. ఆరు కోట్ల మందికి పైగా నేర్పినామని లెక్క. కానీ అది పల్లెలకు మాత్రమే. ఇంటికి ఒకరు, వయసు 14 నుంచి 60 లోపు. హోసూరు పట్టణంలో రేకుల ఇంట్లో అద్దెకుండే మిల్లు కుటుంబం ఆ లెక్కలో లేదు. అరవై దాటిన అవ్వ పల్లెలో ఉన్నా లేదు.

నాకు నచ్చింది కేరళలో తిరువనంతపురం జిల్లా పుల్లంపారా పంచాయతీ చేసిన పని. అక్కడ ఉపాధి హామీ పనికి పొయ్యే ఆడవాళ్ళు, కూలి ఖాతాలో పడిందా లేదా అని చూసుకునేదానికి ఒక రోజు పని మానుకొని బ్యాంకుకు పోతా ఉన్నారంట. కూలి చూసుకునేదానికి కూలి పోగొట్టుకోవడం! అది గమనించి 2021లో మొదలుపెట్టినారు. ఎవరినీ క్లాసుకు రమ్మని పిలవలేదు. నేర్పేవాళ్ళే పని జరిగే చోటికి, ఇండ్లకు పోయినారు. నేర్పింది కాలేజీ పిల్లలు, కుటుంబశ్రీ ఆడవాళ్ళు. 2022 సెప్టెంబరు 21న ఆ పంచాయతీ పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించినారు. తర్వాత అదే పద్ధతి రాష్ట్రమంతా పోయింది. 2025 ఆగస్టులో కేరళ మొత్తానికి ప్రకటన వచ్చేనాటికి దాదాపు 22 లక్షల మంది నేర్చుకున్నారు. వాళ్ళలో నూరేండ్లు దాటిన పెద్దాయన కూడా ఉన్నాడు.

దాన్ని చూసే మేం నలుగురైదుగురం ఆదివారం మధ్యాహ్నాలు మారెమ్మ గుడి మండపంలో కూర్చోవడం మొదలుపెట్టినాం. గొప్పగా జరుగుతోందని చెప్పను. మొదటి ఆదివారం ఇద్దరు వచ్చినారు, ఒకామె గుడికొచ్చి నీడకు కూర్చున్నది. రెండో వారం నుంచి ఒక సంగతి అర్థమైంది. 'ఫోను నేర్పిస్తాం' అంటే ఎవరూ రారు, 'మీ కాగితం చూస్తాం' అంటే వస్తారు. వచ్చినవాళ్ళకు వాళ్ళ ఫోనులోనే, వాళ్ళ వేలితోనే చేయిస్తాం. మేం ముట్టుకోం. ఇది కష్టం, ఎందుకంటే మనం చేస్తే రెండు నిమిషాలు, వాళ్ళు చేస్తే అరగంట. మా వాళ్ళలో ఒక తమ్ముడికి ఓపిక చాలక ఫోను లాక్కుంటాడు, ఆయన చేతులు వెనక్కి కట్టుకోమని చెప్పినాం.

గంగమ్మత్త కవరు తెరిచింది ఆ మండపంలోనే.

ముందు వచ్చిన ఆలోచన ఆధార్‌లో పేరు మార్చేద్దామని. ఆగినాం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పైగా బ్యాంకు, రేషన్ కార్డు అన్నీ ఇప్పుడు ఆ 'కే' పేరు మీదనే నడుస్తా ఉన్నాయి. ఒకటి సరిచేస్తే మూడు చెడతాయి. కాబట్టి పీఎఫ్‌లో పేరు మార్చాల. 2025 జనవరి నుంచి పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ లాంటివి సభ్యులే ఆన్‌లైన్‌లో సరిచేసుకునే వీలు వచ్చింది. అయితే 2017 అక్టోబరు 1 తర్వాత యూఏఎన్ వచ్చినవాళ్ళకే అది. మీ ఇంట్లో ఈమధ్య పనిలో చేరిన పిల్లలుంటే ఇప్పుడే, ఉద్యోగంలో ఉండగానే, పేరు చూసుకొని సరిచేసుకోమనండి. అంతకు ముందరి నంబరైతే కంపెనీ ఒప్పుకోవాల. గంగమ్మత్త నంబరు 2014 నాటిది, కంపెనీ అంటే ఇప్పుడు తాళం వేసిన గేటు, లోపల తుమ్మ చెట్లు.

దానికీ దారి ఉంది. మూతబడిన సంస్థల పాత కార్మికులు జాయింట్ డిక్లరేషన్‌ను కాగితం మీద రాసి, గెజిటెడ్ అధికారి లాంటి అధికారం ఉన్నవాళ్ళతో సంతకం చేయించి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వొచ్చు. ఇది మూడు బ్రౌజింగ్ షాపుల్లో ఎవరూ ఆమెకు చెప్పలేదు. వాళ్ళకూ తెలీదేమో. అప్లై బటన్ నొక్కడమే వాళ్ళ వ్యాపారం. ఇంకో సంగతి, 2023 నుంచి పీఎఫ్ వాళ్ళు ప్రతి నెలా 27వ తేదీన ప్రతి జిల్లాలో 'నిధి ఆప్‌కే నికట్' అని ఒక శిబిరం పెడతా ఉన్నారు. 27 సెలవైతే మరుసటి పని దినం. అక్కడ మనిషి ఎదురుగా మనిషి ఉంటాడు, కాగితం చూపించి మాట్లాడొచ్చు. 2004లో కృష్ణగిరి జిల్లా కాకముందు మనవాళ్ళు ఏ పెద్ద ఆఫీసు పనికైనా ధర్మపురికి బస్సెక్కేవాళ్ళు. అక్కడ కూడా పని ఒక్కసారికి అయ్యేది కాదు కానీ, ఎందుకు కాలేదో ఎవరో ఒకరు నోటితో చెప్పేవాళ్ళు.

ఆ రోజు ఇంకొకటి కూడా చేసినాం. యూఏఎన్ యాక్టివేట్ అయి, నంబరు రిజిస్టర్ అయిన ఫోను నుంచి ఒక మెసేజి పంపితే పీఎఫ్‌లో ఎంతుందో తెలుగులోనే జవాబు వస్తుంది. పంపాల్సిన నంబరు 7738299899. మెసేజిలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో ఇ, పి, ఎఫ్, ఓ, హెచ్, ఓ అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి యూఏఎన్ అని, ఇంకో ఖాళీ వదిలి టి, ఇ, ఎల్ అని కొట్టాల. ఆ చివరి మూడు అక్షరాలే తెలుగు కావాలని అడగడం. మెసేజి వద్దనుకుంటే 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు. దీనికి స్మార్ట్ ఫోను అక్కరలేదు, నెట్టు అక్కరలేదు, బటన్ ఫోను చాలు.

గంగమ్మత్త కొడుకు నంబరును మిల్లు ఉన్నప్పుడే ఎక్కించి ఉన్నారు, అది ఇంకా బతికే ఉంది. ఆయన్ను పిలిపించినాం. అక్షరాలు మాత్రం ఆమెతోనే కొట్టించినాం. ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కేదానికి పావుగంట పట్టింది. ఒకసారి తప్పు పడి అంతా చెరిపి మళ్ళీ కొట్టింది. పంపినాక ఫోనును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది.

కాసేపటికి మోగింది. తెలుగు అక్షరాలు. ఆమె కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, వేలు పెట్టి కూడబలుక్కుంటా చదివింది. చదివి, అంకె కాడ ఆగింది. రెండోసారి చదివింది. నోరు తెరిచి ఆ అంకె బయటికి చెప్పలేదు, పక్కన జనం ఉన్నారని.

"ఇది నాకు వొచ్చిందే కదా? నా పేరు మీదనే కదా?" అని అడిగింది.

అవునన్నాం.

"అయితే నన్ను తెలీదని ఎందుకన్నారు?"

జాయింట్ డిక్లరేషన్ రాసినాం. సంతకం కోసం పోయిన వారం తిరిగినాం, ఒక ప్రభుత్వ హైస్కూలు హెడ్‌మాస్టరు గారు కాగితాలన్నీ చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి పెట్టినారు. ఇప్పుడు ఆ కాగితం కూడా చీరల కవరులోనే ఉంది. 27వ తేదీ శిబిరానికి ఆమె, కొడుకు పోతా ఉన్నారు. కొడుకు ఆ రోజు సెలవు పెట్టినాడు, జీతం కోత. మిల్లు గుర్తింపు కార్డు అసలుది మరిచిపోవద్దని చెప్పినాం. దాని మీద 1997 నాటి ఫోటో ఉంది, రెండు జడలు వేసుకొని. కింద పేరు నీలం ఇంకుతో, చేతిరాత, తెలుగులో: గంగమ్మ.